డప్పు ఆగేదాకా

చోడవరం,
శుక్రవారం.

మా చిన్నారికి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయాలట. రాయను. బాగోలేవని నాకు తెలుసు.

తలనొప్పి పూర్తిగా తగ్గేదాకా ఫోను చూడకూడదు, పుస్తకం పట్టకూడదు అన్నాడు కదా డాక్టరు. అందుకే కాగితం మీద రాసి నాన్న చేతికిచ్చి మీ హాస్టలుకి పంపుతున్నాను. నువ్వు చదవకు. జెస్సికా చేత చదివించుకో. ఒకే గదిలో ఉంటూ దానితో మాట్లాడ్డం మానేశావని, దాని వైపు వీపు పెట్టి పడుకుంటున్నావని వార్డెన్ మేడమ్ చెప్పారు. అయినా జెస్సికాయే చదవాలి. ఇంకెవరి చేత చదివించినా నా మీద ఒట్టే. ఎందుకో చివర్న తెలుస్తుంది. జెస్సికా, చదువమ్మా. మధ్యలో అది ఏమన్నా ఆపకు.

నేనే వచ్చేదాన్ని. ఆదివారం కూడా పనికి రమ్మన్నాడు మా బట్టల కంపెనీ సూపర్‌వైజర్. చెల్లి తలకి దెబ్బ తగిలింది సార్ అంటే, "ఆడపిల్లకి బాక్సింగేటమ్మా?" అన్నాడు. "మీ అమ్మాయికి ఏటి నేర్పిస్తన్నారు సార్, భయపడ్డమా?" అన్నాను. ముఖం తిప్పుకుని రిజిస్టరు తెరిచాడు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

మేడమ్ చేత రాయించిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ పన్ను పీకించుకుంది. ఒక పక్కే నములుతోంది, రెండు పక్కలా తిడుతోంది. నీ మెడల్ టీవీ మీదే ఉంది. కూరల బండామె వచ్చినా సరే, అమ్మ దాన్ని తెచ్చి చూపించందే వంకాయలు బేరమాడదు. నాన్నకి కోపం వచ్చిందా అని అడిగావు. వచ్చింది. నీ మీద కాదు, నిన్ను రాష్ట్ర పోటీల్లోంచి తప్పించిన కోచ్ సార్ మీద.

"గుంట గెలిసేసేదే! ఓ దెబ్బకే పక్కన కూకోబెట్టేస్తారేటి? నా నెత్తి మీద ఎన్ని కర్రలు ఇరిగేయి! నాకేటైంది?" అని ఇల్లంతా తిరిగాడు.

మన నాన్న, కర్రసాము గురువు పరదేశి అంటే బుచ్చయ్యపేట దాకా తెలుసు. గౌరమ్మ పండగలో కర్ర తిప్పేవాళ్ళు చాలామంది ఆయన శిష్యులే. మనిద్దరికీ కర్ర పట్టించిందీ ఆయనే. పట్టుకోవడం కన్నా ముందు ఏం నేర్పాడు? సాములో తలకి దెబ్బ తగిలితే డప్పు ఆగేదాకా చెయ్యి తల మీదికి పోకూడదు. పోతే గురువుకి నామోషీ.

నువ్వు రింగులో చేసిందీ అదే. ప్రాక్టీసులో గుద్దు చెవి పైన తగిలి కళ్ళు తిరిగాయి. తడుముకోలేదు. గదికొచ్చి వాంతి చేసుకున్నావని తర్వాత డాక్టరు చెప్పాడు. కోచ్ సార్‌కి చెప్పలేదు. పైగా పోటీకి సిద్ధమైపోయావు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ మీదా, నాన్న మీదా, ఆ డప్పు మీదా.

పది తప్పినదానివి నీకేం తెలుసు అంటావేమో. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఈ తలదెబ్బల గురించే చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫోనే తెలుగు చేసిపెట్టింది. అర్థం కానిది మీ డాక్టరుకి ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగాను. ఎండిన కురిడీని ఊపి చూడు. పైన చిప్పకి గీత పడదు, లోపల కొబ్బరి మాత్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది. మెదడూ అంతేనట. మీరు పెట్టుకునే ఆ మెత్తని హెల్మెట్ చర్మం చిట్లకుండా చూస్తుంది గానీ లోపలి కుదుపుని ఆపలేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణమే పోవచ్చు. ఏళ్ళ తరబడి తగిలిన దెబ్బలు కొందరికి ఎప్పుడో మతిమరుపై, వణుకై బయటపడొచ్చు. అందరికీ కాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ "చెప్పలేం" దగ్గరే నా నిద్ర ఎగిరిపోయింది.

రెండో పక్కా చూశాను. ఒకప్పుడు కొత్తవాళ్ళొస్తే తలుపు వెనక దాక్కునేదానివి. అదే నువ్వు కె.కోటపాడు బస్సులో నడుం మీద చెయ్యేసినవాడి వైపు తిరిగి చూశావు. కొట్టలేదు, చూశావంతే. వాడు తన ఊరు రాకుండానే దిగిపోయాడు. వెనక సీట్లో కూర్చుని నేను ఎంత పొంగిపోయానో! ఆ చూపుని నీకు ఇచ్చింది రింగే. దాన్ని ఏ స్కానింగులో చూపిస్తారు? అందుకే ఆట మానెయ్యమని నేను అనను.

కానీ మా కుట్టు మిషన్ల లైన్లో సూది విరిగితే ఏం చేస్తారో తెలుసా? మిషను ఆపేస్తారు. ముక్కలన్నీ దొరికి, పక్కపక్కన పెడితే సూది పూర్తయ్యేదాకా ఆ చొక్కా ముందుకి కదలదు. ఏ దేశంలోనో ఏ బిడ్డకో గుచ్చుకుంటుందని. మంచిదే. చొక్కా కోసం మిషను ఆగుతుంది, నా చెల్లి తల కోసం ఆట ఆగదా? భోజనాల దగ్గర నాన్నని ఇదే అడిగాను.

"నీకేటైందో సెప్పనా నాన్నా? చెయ్యి వణుకుతంది. ఒలికిపోద్దని టీ సగం గ్లాసే పొయ్యమంటన్నావు."

"వయసొచ్చేస్తంది గుంటా."

"వయసే అయుండొచ్చు. దెబ్బలూ అయుండొచ్చు. డాక్టరుకే తెలీదు. రేపు దాని చెయ్యి కూడా ఇలాగే వణికితే ఏటి సెప్తావు, వయసనా?"

"ఒసే, నోరా అది!" అని అమ్మ గరిటె ఎత్తింది. నాన్న అన్నం కలిపిన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత గౌరమ్మ పండగ వచ్చింది. ఊరేగింపు మన వీధిలోకి రాగానే సాము మొదలైంది. నాన్న దగ్గర కొత్తగా చేరిన గౌరీశంకర్ అని, ఐటీఐ చదివే కుర్రాడు. అవతలివాడి కర్ర జారి వాడి కణత మీద పడింది. వాడు నవ్వుతూ నిలబడ్డాడు. చెయ్యి పైకి పోలేదు. జనం ఒకటే ఈలలు. డప్పులు ఇంకా జోరెక్కాయి.

నాన్న మధ్యలోకి నడిచి పెద్ద డప్పు మీద అరచెయ్యి పెట్టేశాడు. ఆ వణికే చెయ్యే. మోత ఆగిపోయింది.

"ఏటి గురువా, పండగ ఆపేస్తావేటి? అమ్మోరు ఊరుకుంటాదా?" అని ఎవరో అరిచారు.

"అమ్మోరికి ఆడి తలకాయి కావాలేటి? కొబ్బరికాయలున్నాయి, అయి కొట్టండి" అన్నాడు నాన్న. కుర్రాడి వైపు తిరిగి, "ఒరే, డప్పు ఆగిపోయింది. తడుముకోరా" అన్నాడు.

వాడు రెండు చేతులతో తల పట్టుకుని కూలబడిపోయాడు. నాన్నే ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడు కోలుకుంటున్నాడులే. పరదేశి భయపడిపోయేడు అని టీ కొట్టు దగ్గర నవ్వుకుంటున్నారట. నవ్వనీ. డప్పు మోగించేవాళ్ళు ఊరికి పదిమంది. ఆపినవాడు మన నాన్న. ఈ సంగతి ఆయన చెప్పడు. బెల్లం పొట్లం నీ చేతిలో పెట్టి ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటాడు. అందుకే రాశాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. నీకు దెబ్బ తగిలిందని కోచ్ సార్‌కి ఎవరు చెప్పారని. జెస్సికా, ఇది గట్టిగా చదువు. జెస్సికా చెప్పలేదు. నువ్వు వాంతి చేసుకోవడం చూసినా, ఎవరికీ చెప్పకూడదని నువ్వు వేయించుకున్న ఒట్టు అది తప్పలేదు. చెప్పింది నేను.

పోటీకి ముందు, ఆ రోజు ఫోన్లో, అమ్మ పన్ను పీకించుకుందా అని అడిగావు. పీకించుకుంది అన్నాను. కాసేపయ్యాక మళ్ళీ అడిగావు. పెట్టేసేముందు, "అవునక్కా, అమ్మ పన్ను పీకించుకుందేటి?" అన్నావు. మొన్న ఉత్తరంలోనూ అదే అడిగావు, అది తర్వాతి సంగతి. చెప్పింది నీ బుర్రలో నిలవట్లేదని ఆ రోజే అర్థమైంది. నువ్వు పెట్టెయ్యగానే జెస్సికాకి ఫోన్ చేశాను. "నన్నడక్కండక్కా" అని ఏడ్చింది గానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఇక ఆగకుండా కోచ్ సార్‌కి చేసి, దాని తలకి దెబ్బేదో తగిలినట్టుంది చూడండి అన్నాను. పోటీ పోతుందని తెలిసే చేశాను. ఆ పోటీ కోసం నీకన్నా ఎక్కువ ఎదురుచూసింది నేనే, లైన్లో అందరికీ చెప్పుకున్నాను. అయినా మళ్ళీ అలా అడిగితే మళ్ళీ చెప్తాను.

నయమయ్యాక, డాక్టరు సరేనంటే రింగుకి పో. ప్రాక్టీసులో తల మీద గుద్దులు తగ్గిస్తానన్నారు సార్. తగిలిన క్షణమే ఆట ఆపమని చెయ్యెత్తాలి. నాన్న కూతురివైతే ఎత్తుతావు.

తిట్టాలంటే నన్ను తిట్టు. ముందు జెస్సికా వైపు తిరుగు. డప్పు నేనే ఆపేశాను చిన్నారీ. ఇంక తడుముకో.

ఇట్లు,
నీ కోపిష్టి అక్క,
దేముడమ్మ