పైకప్పు కొట్టి చూడు

ఇల్లందు

బేటీ తాహెరాకు జానీ మామూ దువా.

చెన్నైల భూమి కింద మెట్రో స్టేషన్‌ల నీకు నౌకరీ దొరికిందని మీ అమ్మ ఖుషీగ చెప్పింది. నాకైతే బువ్వ సయిస్తలేదు. జిందగీ అంత బొగ్గుబాయిల పనిచేసినోణ్ణి, భూమి కింద సంగతి నాకు తెల్వదా? బాయిల పేలుళ్లకు చెవులు పోయి ఫోన్ వినపడదు గనుక రాస్తున్న. బెల్లం పంపుతున్న. డ్యూటీ అయినంక తిను, గొంతుల దుమ్ము పోతది. కిందికి దిగంగనే కర్రతో పైకప్పు కొట్టి చూడు. గట్టిగ మోగితే మంచిది. డొల్లగ మోగితే ఉరుకు.

మీ మామూ

తా.క. కర్ర గూడ పంపుదును గని, పోస్టాఫీసోళ్లు తీసుకోలే.

చెన్నై

మామూకు సలాం.

బెల్లం అందింది. ఇక్కడ దుమ్మే లేదు గనుక మా స్టాఫంతా చాయ్‌లో వేసుకుంటున్నరు. ఇది బొగ్గుబాయి కాదు మామూ! ఏసీ ఉంటది, నేల అద్దంలెక్క మెరుస్తది. తెల్ల చొక్కా వేసుకొని స్టేషన్ కంట్రోలర్ కుర్చీలో కూర్చుంటున్న. ఈ నౌకరీ కోసం ఎంత చదివిన్నో మీకు తెలుసు. పైకప్పు కొడితే నన్నే పట్టుకపోతరు.

మీ తాహెరా

తా.క. ఒక్కటే చిన్న తిప్పలు. పైనుంచి నీళ్లు కారుతున్నయి. బకెట్ పెట్టినం.

ఇల్లందు

బేటీ,

దువా తర్వాత. ముందు పైకి రా! బాయిల నీళ్లు కారినయంటే కూలే ముందు చెప్పినట్టే. ఏసీ ఉన్నది, తెల్ల చొక్కా ఉన్నదంటే ఆగుతదా? ఖమ్మంల మతీన్ గాజుల దుకాణంల నీకు పని మాట్లాడిన. భూమి మీదనే ఉంటది, దిగనీకి ఒక్క మెట్టు గూడ లేదు. రేపే బండెక్కుతున్న. రాజీనామా రాసి పెట్టు.

మామూ

తా.క. బకెట్ కోసం వెనక్కి పోకు. ప్రాణం ముఖ్యం.

చెన్నై

మామూకు సలాం.

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీరింకా రాలేదంటే బండి ఎక్కనట్టే. ఎక్కకండి! ఆ నీళ్లు ఏసీ మిషన్‌వి. మెకానిక్ వచ్చి బాగు చేసిండు. నేను రాజీనామా రాయను మామూ. ఈ కుర్చీ నాకు పాణం. మీరు వద్దంటే అమ్మ గూడ వద్దంటది, అందుకే బతిమాలుకుంటున్న.

తాహెరా

తా.క. మొన్న నాకు సెలవు. ఆ రోజు ఎవరో పెద్దాయన ప్లాట్‌ఫారం మీద బెంచీ ఎక్కి, చేతికర్రతో పైకప్పు కొట్టి, వచ్చేపోయేటోళ్లనందర్నీ ఏదో అడిగిండట. ఆ భాష ఎవరికీ అర్థం కాలేదట. మీ అసుంటోళ్లు ఇంకా ఉన్నరు!

ఇల్లందు

బేటీ తాహెరాకు దువా.

ఆ పెద్దాయన నేనే. చెవులు లేకపాయె, ఎట్ల మోగిందో అడగాలె గదా! సెక్యూరిటోళ్లు పట్టుకొని ఆఫీసుల కూర్చోబెట్టిండ్రు. నీ పరువు పోతదని నీ పేరు చెప్పలే. పాపం, మంచోళ్లు, చాయ్ పోసిండ్రు. తాగితే నా బెల్లమే!

గోడ మీద చూస్తే నీ ఫొటో. తెల్ల చొక్కా, కింద పేరు, హోదా. నా కాలంల బాయిలకు ఒక్క ఆడపిల్ల దిగంగ చూడలే. నువ్వు భూమి కింద అందరికీ పెద్దవు. ఆడనే ఏడ్చిన బిడ్డా. నీ బకెట్ నాకు పెట్టాల్సింది.

దుకాణానికి వేరే మనిషిని చూస్కొమ్మని మతీన్‌కు చెప్పిన. కుర్చీ వదలకు.

మీ మామూ

తా.క. పైకప్పు గట్టిదే. ఒకాయన బొటనవేలు లేపి చూపించిండు. నా కర్ర ఆడనే గుంజుకున్నరు. తీసుకొని నీ కుర్చీ పక్కన పెట్టుకో. అప్పుడప్పుడు కొట్టి చూడు, పోయేదేముంది?