చెరువుకి పోటు

ఫిబ్రవరి 16, ఆదివారం

వచ్చేశాం. నెల్లిమర్లలో బస్సు మారి, ఆటో ఎక్కి, గట్టు మీద మరిడమ్మ పెద్దమ్మ పాక ముందు దిగాం. మావ దిగీ దిగగానే నీళ్ళ వంక చూశాడు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. కానీ ఈ నీళ్ళు చప్పుడు చెయ్యవు. అందుకే కదా మావని, నా మొగుణ్ణి, ఇక్కడికి తెచ్చుకున్నాను. సముద్రం చప్పుడు వినపడని చోట కొన్నాళ్ళు ఉంచమన్నాడు విజయనగరం డాక్టరు. సముద్రం మీద బతికే మాకు అలాంటి చోటు ఎక్కడుంటుంది? పెద్దమ్మ గుర్తొచ్చింది.

బోర్డు మీద రిజర్వాయర్ అని ఉంది. ఇక్కడ అందరూ చెరువనే అంటున్నారు. పెడల్ బోట్లు, ఉయ్యాలలు, ఐస్‌క్రీం బండి. ఆదివారం కదా, టౌను నుంచి ఫ్యామిలీలు దిగాయి. పిల్లల గోల. మావ ఆ గోలలోనే నిద్రపోయాడు. కార్తీకం తర్వాత పగలు కునుకు తీయడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 19

పెద్దమ్మ నోరు చెడ్డది, చెయ్యి మంచిది. పాకలో చేపల వేపుడు అమ్ముతుంది. నేను చేపలు తోమి కోస్తున్నాను, ఆవిడ వేపుతోంది. మావ కూర్చుంటున్నాడు. నీ మొగుడు రాయిలాగ ఎన్నాళ్ళు కూకుంటాడే అని ఇవాళ అడిగేసింది.

చెప్పక తప్పలేదు. కార్తీకంలో మావ, మావ తమ్ముడు ఎర్రన్న వేటకెళ్ళారు. ఒడ్డు కనిపిస్తుండగా కెరటం బోటుని తిరగేసింది. మావ ఈదుకొచ్చాడు. ఎర్రన్న రాలేదు. తర్వాత పోటు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి ఒడ్డుకొచ్చింది. తెడ్డు వచ్చింది. వల వచ్చింది. ఎర్రన్న తలకి చుట్టుకున్న తువ్వాలు కూడా వచ్చింది. వాడొక్కడే రాలేదు. శవం లేకుండా కర్మ ఎలా చేస్తామని మావ కూర్చున్నాడు. చెయ్యకపోతే నా కొడుకు గతి లేకుండా తిరుగుతాడురా అని మా అత్త లక్ష్మణమ్మ ఏడ్చింది. తండ్రి లేడు. అన్నే చెయ్యాలి. అన్న చెయ్యనన్నాడు. మాట్లాడ్డం కూడా మానేశాడు.

పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మధ్యాహ్నం మావ పళ్ళెంలో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

మార్చి 2, ఆదివారం

నవ్వాడు! రాసి పెట్టుకుంటున్నాను. నవ్వాడు.

పెడల్ బోట్లు చూసుకునే గణపతిరావు ఒక గాలం తెచ్చి మావ చేతిలో పెట్టాడు. పిల్లలు చేప పట్టాలని ప్రాణం తీస్తన్నారు, నువ్వు సూపించు బావా అన్నాడట. మావ ఆ గాలాన్ని అటూ ఇటూ తిప్పి, ఇదేటి సీపురుపుల్ల అన్నాడు. బోట్ల నిండా చేప దింపిన మనిషి మరి! ఎర గుచ్చి వేశాడో లేదో చైనా గొరక చేప పడింది. పిల్లలు కేకలు. పట్టీలు పెట్టుకున్న ఒక బుడ్డది నాకు నాకు అని చొక్కా పట్టుకు లాగింది. దాని చేతిలో గాలం పెట్టి, వెనక నుంచి పట్టుకున్నాడు. దానికీ పడింది. అది గెంతుతుంటే మావ పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. అటు చూస్తూ నేను వేలు కోసుకున్నాను. కోసుకుంటే కోసుకున్నాను.

మార్చి 16, ఆదివారం

గాలం అంకుల్ అట! వాళ్ళే పెట్టేశారు పేరు. ఆ బుడ్డది ప్రతి ఆదివారం వస్తోంది.

ఇది మంచి సీజనని గణపతిరావు అంటాడు. నీళ్ళు వెచ్చబడ్డాయి, చేప ఒడ్డుకొస్తోంది. పడిన మొదటి చేపని మావ తిరిగి నీళ్ళలో వదిలేస్తాడు. ఎందుకని ప్యాంటు వేసుకున్న ఒకాయన అడిగితే, గంగమ్మ తల్లికెట్టకుండా మనం తింటామేటి బాబూ అన్నాడు. తెలియనివాడితో అంత మాట!

అత్తకి ఫోన్ చేశాను. కర్మ మాట ఎత్తినాడా అంది. తొందరపడకత్తా, నా మావ నాకు తిరిగొస్తున్నాడు, కొంచెం ఆగు అన్నాను. మంచిదే అని పెట్టేసింది. ఏడుస్తోందని తెలుసు. నేనేం చేసేది?

మార్చి 30, ఉగాది

నీళ్ళు దిగుతున్నాయి. ఎండాకాలం ఏటా ఇంతేనట. పెడల్ బోట్లు ముందుకి జరిపారు. మట్టి తేలిన చోటు చూసి మావ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అన్నట్టే, పాటు తీసింది, మళ్ళీ పోటొస్తాదిలే అన్నాడు. నేనూ పెద్దమ్మా ఒకటే నవ్వు. చెరువుకి పోటేటిరా అని పెద్దమ్మ వీపు మీద చరిచింది.

ఇప్పుడు తలుచుకుంటే మావ నవ్వలేదు.

ఏప్రిల్ 9

పగటి నిద్ర మళ్ళీ పోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పొద్దున్న లేచేసరికి మావ లేడు. గట్టెక్కి చూస్తే, నీళ్ళకి ఎంతో ఇవతల, ఎండి బీటలు తీసిన మట్టిలో కర్రలు పాతి వల కట్టాడు. నీటి చుక్క లేదు. మా పేట దగ్గర గెడ్డ సముద్రంలో కలిసే మొగలో మా వాళ్ళు అలాగే కడతారు. పాటు తీసినప్పుడు కర్రలు పాతి ఒడ్డున కూర్చుంటారు. పోటొచ్చి వలని ముంచుతుంది. చేప తనే వస్తుంది. అక్కడ అది పని. ఇక్కడ పిచ్చి.

జనం వల ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి అందర్నీ తిట్టాను. మావనీ తిట్టాను. నీకు సిగ్గు నేదా, ఇది సెరువు, ఇక్కడికి పోటు రాదు అని అరిచాను. మావ నాకేసి జాలిగా చూశాడు. నీళ్ళన్నీ ఒకటేనే రాణీ, అన్నీ ఇచ్చిన తల్లి ఆడినొక్కడినే ఉంచేసుకుంటాదేటి అన్నాడు. ఎర్రన్న పోటుతో వస్తాడట. వల లేకపోతే దాటిపోతాడట.

ఇన్నాళ్ళూ నవ్వుతున్నాడనుకున్నాను. ఎదురు చూస్తున్నాడు.

ఏప్రిల్ 15

సముద్రంలో వేట నిషేధం మొదలు. మా పేట బోట్లన్నీ ఇసుకెక్కేసి ఉంటాయి. మేమే చెరువులో వేటాడుతున్నాం, అదీ మట్టిలో.

డాక్టరు కొత్త టాబ్లెట్లు రాశాడు. ఆ వల నువ్వు తియ్యకమ్మా, తన చేత్తో తనే తీసేలా చూడు అన్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఆ బుడ్డది వచ్చింది. ఈ వలలో ఏం పడుతుందంకుల్ అని అడిగిందట. మా తమ్ముడు అన్నాడట. వాళ్ళమ్మ దాన్ని చంకనేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేముంది. సాయంత్రం దాకా మావ దగ్గరికి ఒక్క పిల్ల రాలేదు. గాలం గట్టు మీదే పడి ఉంది.

తల్లీ గంగమ్మా, ఒకణ్ణి తీసుకున్నావు. రెండోవాణ్ణి కూడా ఎందుకు?

మే 8

టాబ్లెట్లు పనిచేస్తున్నట్టున్నాయి. నిద్రపోతున్నాడు. అన్నం అడిగి పెట్టించుకుంటున్నాడు.

అత్త వచ్చింది. మావ ముందు మట్టిలో చతికిలబడి, గడ్డం పట్టుకుంది. దర్భతో బొమ్మ సేసి కాలుద్దాం కొండబాబూ, నీ తమ్ముడికి దారి సూపించరా, నాను ముసల్దాన్ని, నాకింకేటీ అక్కర్నేదు అంది. మావ ఆవిడ చేతుల వంక చూశాడు. ఆ తర్వాత సరేనన్నాడు. సరే అన్నాడు! అమావాస్య నాడు మా పేట ఒడ్డున. ఎర్రన్న పేరు పలుకుతూ ఏడ్చాడు. కార్తీకం తర్వాత ఆ కళ్ళలో నీళ్ళు ఇదే మొదలు. మేం ముగ్గురం ఏడ్చాం. వేపుడు మాడిపోయింది. పెద్దమ్మ దాన్ని పారేసి మళ్ళీ మూకుడు పెట్టింది.

మే 17

వల ఎప్పుడు తీస్తావు మావా అన్నాను. మంగళవారం కర్రలు పీకేస్తానే అన్నాడు. నేనే పీకి పారేద్దామని చేతులు దురదపెడుతున్నాయి. డాక్టరు మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. మూడు రోజులే కదా.

మే 19, సోమవారం

సాయంత్రం నుంచి గాలివాన. కొండల మీద ఇంకా ఎక్కువట. పాక పైకప్పు పట్టుకుని కూర్చున్నాం.

మే 20

గెడ్డలన్నీ పొంగాయి. చెరువులోకి ఎర్రనీళ్ళు దిగాయి. ఎండిన మట్టంతా నీళ్ళు. వల మునిగిపోయింది, కర్రల కొనలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఇలాంటి వాన ఈ కాలంలో ఎప్పుడూ చూడలేదంటున్నాడు గణపతిరావు. గట్టంతా సంబరం. కొత్త నీటికి చేప ఎదురెక్కి వచ్చిందట. మావ మెడలోతు నీళ్ళలోకి వెళ్ళి వల లాగాడు. వల నిండా చేప. బొచ్చెలు, గొరకలు, ఇంత లావు కొర్రమీను. కొండబాబు మొనగాడురా అని జనం ఈలలు వేశారు. మావ చేపల్ని చూడలేదు. ఒక్కొక్కటీ తీసి అవతల పారేస్తూ వలంతా తడుముకున్నాడు. చివరి కన్ను దాకా తడిమాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఒంటి నిండా బురద. ముఖం మాత్రం వెలిగిపోతోంది. సూసినావా రాణీ, రాదన్నారు, పోటొచ్చినాది కాదేటి అన్నాడు. ఆడు ఈ పోటుకి అందనేదు, వచ్చే పోటుకి అందుతాడు అన్నాడు.

నీళ్ళు నిజంగానే వచ్చాయి. అందరూ చూశారు.

మే 21

టాబ్లెట్లు చెరువులో వేసేశాడు. బతికున్నోడికి కర్మేటి అంటున్నాడు.

మే 27, అమావాస్య

మావ వెళ్ళలేదు. కాళ్ళు పట్టుకున్నాను. వెళ్ళలేదు.

అక్కడ అత్త దర్భలు దగ్గర పెట్టుకుని, పొద్దెక్కే దాకా ఇసుకలో కూర్చుందట. పంతులు లేచి వెళ్ళిపోయాడట. ఫోన్‌లో ఒకటే మాట అంది. నాను ఇద్దరు కొడుకుల్నీ సముద్రానికే ఇచ్చినానే రాణీ అంది. అది చెరువని చెప్పబోయాను. ఫోన్ పెట్టేశాను.

జూన్ 1, ఆదివారం

ఫ్యామిలీలు వచ్చాయి. గాలం ఎవరో పట్టుకుపోయారు.

జూన్ 11, పున్నమి

నీళ్ళు మళ్ళీ దిగిపోయాయి. మావ ఒక్కడే మట్టిలో కర్రలు పాతుతున్నాడు. ఒక కర్ర నిలబడటం లేదు. కత్తిపీట పక్కన పెట్టి, వెళ్ళి పట్టుకున్నాను.

ఇంకా లోతుకి కొట్టు మావా, పోటుకి కొట్టుకుపోతాది అన్నాను.