జీన్ గారి చంక నొప్పి

మంగళవారం, స్లౌ, ఇంగ్లండ్

జీన్ గారికి మతి పోలేదు. ఈ మాట రాస్తుంటేనే ప్రాణం తేలికపడుతోంది.

రెండు రోజులుగా ఆ స్కాట్లాండ్ పెద్దావిడ “ఆక్స్‌టర్, ఆక్స్‌టర్” అని మూలుగుతుంటే, మా వృద్ధుల కేర్ హోమ్‌లో సీనియర్ ఉద్యోగి అయిన లత ఆంటీ చార్టులో “అర్థంలేని మాటలు” అని రాసింది. నా సెలవు అయిపోయి ఈ పొద్దున వెళ్తే అది కంటపడింది. స్కాట్స్ భాష గురించి నా దగ్గరున్న కరపత్రంలో ఆ మాట ఉంది. ఆక్స్‌టర్ అంటే చంక. చూస్తే అక్కడ ఎర్రగా గడ్డ!

“తన భాష తను మాట్లాడితే పిచ్చిదా?” అని అరిచేశాను.

“గరమ్ గాకు బిడ్డా, ముందుగాల జీపీకి ఫోన్ కొట్టు” అంది ఆంటీ.

జీపీ డాక్టరు వచ్చి చూసి, ఉత్త సెగగడ్డే, మందులతో తగ్గుతుందన్నాడు. మతి నిక్షేపంగా ఉందన్నాడు.

ఆంటీ మీద అలా అరవాల్సింది కాదు. హాస్టల్లో నా యాసకు నవ్వినవాళ్ల మీది కోపం ఆమె మీద చూపించానేమో... రేపు సారీ చెప్పాలి.

సాయంత్రం ముసురు చూసి జీన్ గారు “డ్రీఖ్” అన్నారు, అంటే దిగులు పుట్టించే ముసురని. నేనూ అన్నాను.

“గొంతు గీరినట్టు అనాలోయ్! అయినా ఇంగ్లీషువాళ్ల కంటే నయమే” అన్నారావిడ.

వచ్చేముందు చార్టులో రాశాను: “ఈమె స్కాట్స్ మాట్లాడతారు. అర్థం కాకపోతే ఈమెనే అడగండి.”