ఆరు నిమిషాలు ముందున్న గడియారం

జనరల్ సాంతోస్ నగరం, ఫిలిప్పీన్స్,
జూన్ 9

గౌరవనీయులైన నోంగ్ ఎస్తెబాన్‌కు,

మీ ఫోన్ కలవడం లేదు. గ్లాన్‌లో మీ తమ్ముడింట్లో ఉన్నారని తెలిసి రాస్తున్నాను. చించేసినా సరే, ఒకసారి చదివి చించండి.

మార్చిలో మన ట్యూనా ఫ్యాక్టరీలో అమోనియా లీకైన రోజు, అలారం మోగకముందే మీరు కంప్రెసర్ గది వదిలి పారిపోయారని తేల్చి మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ గది కంట్రోల్ ప్యానెల్‌లో అలారం 10:14కి మోగినట్టుంది. తలుపు దగ్గరి కార్డు యంత్రంలో మీరు 10:11కి బయటికొచ్చినట్టుంది. గడియారాలన్నీ సరిగ్గా ఉన్నాయన్న కాగితం మీద సంతకం నాది. ఒక్క గడియారమూ చూడకుండా పెట్టాను. పన్నెండేళ్లుగా మిమ్మల్ని నోంగ్ అని, అన్నలా పిలిచినదాన్ని.

తర్వాత విదేశీ కొనుగోలుదారుల తనిఖీవాళ్లు వచ్చి, ఇక్కడ ఏ రెండు యంత్రాలూ ఒకే టైము చూపించడం లేదు, అన్నిటికీ టైము చెప్పే సర్వర్ పెట్టండన్నారు. ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసేది నేనే గనక ఏది కొనాలో ఎంచే పని నాకే వచ్చింది. ముందుగా ఏ యంత్రం ఎంత తప్పుతోందో పట్టిక వేశాను. మీ ప్యానెల్ ఆరు నిమిషాలు ముందుంది. జనవరిలో బ్యాటరీ మార్చినప్పటి నుంచీ అంతేనని మరమ్మతుల పుస్తకంలో ఉంది. తలుపు దగ్గరి కార్డు యంత్రం టైము మాత్రం సరిగ్గానే ఉంది. అంటే అలారం మోగింది 10:08కి. మీరు పారిపోలేదు. ఆ గ్యాసులో మూడు నిమిషాలు నిలబడి వాల్వు కట్టేసి వచ్చారు. ఆ మాట మీరు చెబుతూనే ఉన్నారు.

మీటింగులో మేనేజర్ ఎస్కలాంతే కాల్చిన ట్యూనా దవడ ముందు పెట్టుకుని, ఎముకలు చీకుతూ విన్నాడు.

"టైము కోసం ఒక డబ్బా కొనాలా? ఇంటర్నెట్లో ఊరికే వస్తుందిగా."

"లైను తెగితే దేని గడియారం దానిదే సార్. పైగా ప్యానెళ్ల దాకా ఇంటర్నెట్‌కు దారి తెరవకూడదు. కప్పు మీద యాంటెన్నా పెట్టి ఉపగ్రహం నుంచి టైము తీసుకునేది కావాలి. సిగ్నల్ పోయినా రోజుల తరబడి టైము తప్పకుండా నడవాలి."

"ఆఫీసులో పాత కంప్యూటరొకటి ఉందిగా. ఆ పని దానికి అప్పజెప్పు."

"దానికి వేరే పనులు పది ఉన్నాయి. అది ఆగితే టైమూ ఆగుతుంది. ఆ ఒక్క పనే చేసేది కావాలి సార్."

వేళ్లు తుడుచుకుని నా పట్టిక తిరగేసి, మీ ప్యానెల్ పేజీ దగ్గర ఆగాడు. "సరే, నువ్వడిగిందే కొందాం. ఒకటి కాదు, రెండు. ఈ పేజీ మాత్రం తీసెయ్ అమ్మా. అయిపోయిన సంగతి."

తీసేశాను నోంగ్. డబ్బాలు వచ్చిన రోజు సంతోషపడ్డాను కూడా. కూనిరాగం తీస్తూ కప్పెక్కి యాంటెన్నా బిగించాను. దిగి క్యాంటీన్లో అన్నం ముందు కూర్చుంటే ఏదో కంపు కొట్టి కంచం పక్కకు నెట్టేశాను. చేప పేగుల కంపు నాకు అలవాటే. ఇది ఆ కంపు కాదు. నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయి.

మీ
రొవీనా

జూన్ 23

నోంగ్,

మీరు జవాబివ్వలేదు. ఇవ్వమని అడిగే ముఖం నాకు లేదు.

నిన్న వేరే పని మీద మీ ప్యానెల్ చరిత్ర తెరిచాను. కొత్త సర్వర్ కలిపిన రోజున అందులో ఒక వాక్యం పడింది: సమయం ఆరు నిమిషాల నాలుగు సెకన్లు వెనక్కి సరిచేయబడింది. నేను తీసేసిన పేజీలో ఉన్నది ప్యానెల్ తనంతట తానే రాసి పెట్టుకుంది. ఎస్కలాంతేకు ఆ సంగతి తెలియదు. దాన్ని చెరిపే అధికారం ఫ్యాక్టరీలో నాకొక్కదానికే ఉంది.

చెరపాలా అని ఆలోచించాను. ఉద్యోగం పోతే అమ్మ డయాలసిస్‌కు డబ్బెక్కడిదని అనిపించింది. చెరిపేద్దామనే అనుకున్నాను, మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి?

చివరికి ఆ వాక్యం, మరమ్మతుల పుస్తకంలో పేజీ, నా పట్టిక ప్రింటు తీసి, ఎస్కలాంతే గదిలోకి వెళ్లి, మిమ్మల్ని తిరిగి పనిలోకి తీసుకోవాలని చెప్పాను.

"ఎవరి తిండి తింటున్నావో తెలుసా?" అన్నాడు.

"తెలుసు సార్. అందుకే కడుపులో ఇమడటం లేదు."

నా ఉద్యోగం పోయింది, గార్డు నన్ను గేటు దాకా దిగబెట్టాడు. అక్కణ్ణుంచి ట్రైసికిల్ ఆటో ఎక్కి నేరుగా కార్మిక శాఖకు వెళ్లాను. చూడకుండా సంతకం పెట్టానని, తర్వాత తెలిసీ దాచానని నా చేత్తోనే రాసిచ్చాను.

రొవీనా

గ్లాన్,
జూలై 20

ఇందాయ్,

సోమవారం నుంచి పనిలోకి వెళ్తున్నాను. కార్మిక అధికారి కాగితాలు ముందు పెడితే ఎస్కలాంతే "యంత్రం పొరపాటు" అన్నాడు. అంతే. నా వైపు చూడలేదు. అంతసేపూ పళ్లు కుట్టుకుంటూనే ఉన్నాడు.

మీ అమ్మ సంగతి విన్నాను. ఐస్ ప్లాంటులో నా బావమరిదికి నీ గురించి చెప్పాను, వెళ్లి కలువు. ఇది దయ అనుకోకు. పని తెలిసినదానివి గనక చెప్పాను.

చెల్లిలా ఇందాయ్ అని పిలిచినా, నిన్నింకా క్షమించలేదు. ఆ గ్యాసు పీల్చినప్పటి నుంచి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, అప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రా. మీ వదిన నీతో మాట్లాడాలంటోంది. గట్టిగానే తిడుతుంది, అడ్డు చెప్పకు. అంతా అయ్యాక అన్నం వడ్డిస్తుంది. తినకుండా మాత్రం వెళ్లకు.

ఎస్తెబాన్