పేగు దారి

ఒరే పుల్లా,

ఫోన్లో అయితే నువ్వు నన్ను నవ్వించి పెట్టేస్తావు, నేను చెప్పదలుచుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను. డయాలసిస్ మంచం మీద ఒక చేతికి సూదులున్నా రెండో చెయ్యి ఖాళీయే కదా, దాంతో పట్టుకుని చదువు.

నువ్వు బస్తా అని పిలిచే ఈ అక్క సగం ఖాళీ అయిందిరా. పొట్టను కోడిగుడ్డంత చేసి, పేగు దారి మళ్ళించి ఎక్కడో కింద అతికించారు కదా, ఇప్పుడు మూడు ముద్దలు తింటే చాలు, నాలుగోది వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. షుగరు మాత్రలు ఆపేశారు. మేడ మెట్లు ఆగకుండా ఎక్కేస్తున్నాను. కుట్టు దుకాణంలో కటింగ్ మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "అమ్మయ్య, కుర్చీకి ఆయుష్షు పెరిగింది" అన్నాడు. ఇన్నేళ్ళూ బడిపిల్లల యూనిఫారాలు లూజులు తీసి, పట్టి కుట్టాను గాని, నా బట్టలు నేనే లోపలికి పట్టి కుట్టుకోవడం ఇదే మొదలు. అందం సంగతి మాత్రం అడగకు. జుట్టు మొత్తం దువ్వెనకి అంకితమైపోయింది. చేతుల కింద చర్మం కొలతలు తప్పి కుట్టిన చొక్కాలా వేలాడుతోంది.

అమ్మతోనే కష్టంగా ఉంది. కడుపులో పుండు తీశారని చెప్పాం కదా, అదే నమ్మి కూర్చుంది. పొద్దున లేవగానే నా మణికట్టు పట్టుకుని చూసి "ఎంత చిక్కిపోయావే తల్లీ" అని కళ్ళు తుడుచుకుంటుంది. లావెక్కినవాళ్ళని "కాస్త ఒళ్ళు చేశావు" అని మెచ్చుకోవడం, సన్నబడినవాళ్ళని "చిక్కిపోయావు" అని జాలిపడటం మనవాళ్ళకి అలవాటు. బుద్ధెరిగాక ఆ జాలి నా జోలికి రాలేదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నించునే వెళ్ళేవాళ్ళని చూస్తూ పెరిగాను. ఇప్పుడు అమ్మ "చిక్కిపోయావే" అంటుంటే, ఆవిడ ఏడుస్తోందని తెలిసి కూడా, ఇంకోసారి అంటే బాగుండుననిపిస్తుంది.

కానీ నేను కత్తికి ఒప్పుకున్నది అందుకు కాదని నీకు తెలుసు. "అక్క బరువు తగ్గితే ఆవిడ కిడ్నీ తీసుకోవచ్చన్నాడు మా డాక్టరు" అని నువ్వు చెప్పిన రోజునే నేను సరేనన్నాను. ఆపరేషన్ చేసే డాక్టరమ్మకి ఈ విషయం చెప్పొద్దన్నావు, తెలిస్తే ఒప్పుకోదని. చెప్పలేదు. "ఇన్నాళ్ళకి నీ గురించి నువ్వు ఆలోచించుకున్నావు" అని ఆవిడ మెచ్చుకుంటుంటే నవ్వు ఆపుకోవడం కష్టమైంది. మీ డాక్టరు చెప్పిన బరువుకి ఇంకెంతో దూరం లేదు. నువ్వు ఇప్పటినుంచే పరీక్షలకి తేదీ అడిగి పెట్టు.

ఒళ్ళు కరిగినా పేరు కరగని
నీ బస్తా

*

తమ్ముడూ,

ఇది ఆసుపత్రిలో చదవకు. నీ అద్దె గదికి వెళ్ళి, మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని చదువు.

అనుకున్న బరువుకి వచ్చేశాను. నీకు చెబితే ఒకసారి డాక్టరు సెలవులో ఉన్నాడన్నావు, ఒకసారి స్కాన్ మిషను పాడైందన్నావు. నాకు ఆగబుద్ధి కాలేదు. స్కాన్ చేయించుకుని ఆ కాగితం పట్టుకునే నీ దగ్గరికి వచ్చేద్దామని, దుకాణం పక్క ల్యాబులో చేయించుకున్నాను. రెండు కిడ్నీల్లోనూ రాళ్ళున్నాయిరా.

డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. పేగు దారి మళ్ళించినవాళ్ళలో కొందరికి ఇలా రాళ్ళు వస్తాయట. "అందుకే కదమ్మా నీళ్ళు ఎక్కువ తాగమని అన్నిసార్లు చెప్పింది" అంది. చెప్పింది, నిజమే. గుక్కెడు తాగితేనే పొట్ట నిండిపోతుంది, పైగా దుకాణంలో బాత్రూం తాళం యజమాని దగ్గర ఉంటుంది, మాటిమాటికీ వెళ్ళి అడగలేక కుట్టుమిషను దగ్గర పెదాలు తడుపుకుని ఊరుకునేదాన్ని. "అయితే మరి కిడ్నీ ఇవ్వడానికి పనికిరానా?" అని అడిగాను. ఆవిడ రాస్తున్నదల్లా ఆపి, "ఎవరికి?" అంది. మా తమ్ముడికి అన్నాను.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడినా బాగుండేది. "ఆ ముక్క ముందే చెప్పుంటే పేగు జోలికి పోకుండా పొట్ట ఒక్కటే తగ్గించేదాన్ని కదమ్మా. ఇప్పుడు ఏ డాక్టరూ నీ కిడ్నీ తీసుకోడు. నీవి నీకు నిలిస్తే అదే పదివేలు" అంది. బయటికొస్తుంటే ఒక నర్సు ఎదురొచ్చి, గోడ మీద పెట్టడానికి నా ఫోటోలు రెండు కావాలంది, ఆపరేషన్‌కి ముందుదొకటి, తర్వాతదొకటి. వాళ్ళ దగ్గర ఇంత బాగా తగ్గినవాళ్ళు తక్కువట. అక్కడే నిలబడి తీయించుకుని వచ్చాను, కాదనడానికి కూడా ఓపిక లేకపోయింది.

లావుగా ఉన్నప్పుడు నా కిడ్నీలు నిక్షేపంలా ఉండేవిరా. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నీకిద్దామని ఒళ్ళు కరిగించుకున్నాను, ఆ కరిగించుకోవడంలోనే నీకివ్వాల్సింది పాడుచేసుకున్నాను. ఇప్పుడు ఎవరు "చిక్కిపోయావు" అన్నా ఆ మాట వినలేకపోతున్నాను. అమ్మ అలా అంటే నిన్న మొదటిసారి కసురుకున్నాను కూడా. పాపం, ఆవిడ అన్నం తినకుండా పడుకుంది.

వచ్చే వారం వస్తానన్నాను కదా, రాను. నీకు ఏ ముఖం పెట్టుకుని కనపడను? నాలుగు తిట్లు తిట్టి ఉత్తరం రాయి. జోకులు మాత్రం వెయ్యకు.

అక్క

*

అక్కా,

తిట్టమన్నావు. తిట్టాల్సింది నువ్వు, పడాల్సింది నేను. నిలబడి చదువుతుంటే కూర్చో.

మా డాక్టరు నీ బరువు గురించి ఎన్నడూ ఏమీ అనలేదు. నీ సంగతి ఆయనకి నేను చెప్పనే లేదు. ఆయన చెప్పింది నా గుండె గురించి. అది సగం కూడా పనిచేయడం లేదట, మత్తిచ్చి బల్లెక్కిస్తే మళ్ళీ లేవనట, ఎవరు కిడ్నీ ఇచ్చినా నాకు పెట్టడం కుదరదన్నాడు. ఇది నీ ఆపరేషన్‌కి ముందటి సంగతి.

ఆ నెలలోనే కదా నువ్వు దుకాణం మెట్ల మీద ఊపిరాడక కూలబడ్డావు. ఆపరేషన్ చేయించుకోకపోతే ఎక్కువ కాలం బతకవని డాక్టరమ్మ అంటే, "నా ఒంటికి అంత వైభోగం ఎందుకులే" అని లేచొచ్చేశావు. నీ కోసమైతే నువ్వు సూది కూడా పొడిపించుకోవు. నా కోసమైతే నిలువునా కోయించుకుంటావు. నేనెలాగూ పోతున్నాను, ఇద్దరం పోతే అమ్మకెవరు అనిపించింది. అందుకే ఆ అబద్ధం ఆడాను. నువ్వు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నానని రాసినప్పుడు పక్క మంచం పెద్దాయనకి కూడా చదివి వినిపించాను. మా అక్క బతికిందని చెప్పుకున్నాను.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. డాక్టరమ్మకి చెప్పొద్దన్నది ఆవిడ ఒప్పుకోదని కాదు. ఆవిడ మా డాక్టరుకి ఫోన్ చేస్తే నా గుట్టు రట్టవుతుందని. నీ కిడ్నీల్లో రాళ్ళు నేను పోసినవే అక్కా. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని ఇన్నేళ్ళూ సమయానికి బ్రేకు తొక్కాను, నీ విషయంలో ఎక్కడ తొక్కాలో తెలియలేదు. నువ్వు క్షమించినా క్షమించకపోయినా ఆ నీళ్ళు మాత్రం తాగు. యజమాని తాళం ఇవ్వకపోతే ఆ ఉద్యోగం మానెయ్.

ఇక మిగిలింది ఒకటే. డయాలసిస్ పెట్టిన ప్రతిసారీ గుండె ఇంకా బలహీనపడుతోంది, ఇది కూడా ఎక్కువ కాలం సాగదన్నారు. ఇక్కడ నర్సులందరికీ నేనంటే ఇష్టం. సూది గుచ్చుతున్నా నవ్విస్తానని, మీలాంటి ధైర్యవంతుణ్ణి చూడలేదని అంటారు. గదికి వచ్చి తలుపేసుకున్నాక లైటు ఆర్పలేను. వేసుకున్న చెప్పులతోనే మంచం మీద కూర్చుంటాను.

ముఖం చూపించలేనన్నావు. నాకు అదే కావాలి, లావుదైనా సన్నదైనా. అమ్మని కూడా తీసుకురా, నా సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో దారిలో ఆలోచించు, నాకు తోచడం లేదు. జోకులు వెయ్యొద్దన్నావు కాబట్టి ఇన్నాళ్ళూ ఫోన్లో చెప్పలేనిది రాస్తున్నాను. నాకు చచ్చిపోవాలంటే భయంగా ఉంది అక్కా. త్వరగా రా.

నీ తమ్ముడు