చదవడం వచ్చిన పిల్ల

నాచారం,
ఆగస్టు 9, 2025.

చెల్లెలు సూర్యకళకు,

ఛాయక్క ఆశీస్సులు. కరీంనగర్‌లో కొత్త కాపురం కుదురుకుందని, మీ ఆయన వంట కూడా నేర్చుకుంటున్నాడని తెలిసి నవ్వుకున్నాను. ఇక్కడ అంతా కులాసా అని రాద్దామంటే మాత్రం చెయ్యాడడం లేదు.

మీ సంస్థా మా సంస్థా కలిశాక సాయంత్రం బడులు బాగానే సాగుతున్నాయి. ఒకప్పుడు ఉప్పల్‌లో మేము, నాచారంలో మీరు, ఒకే పిల్లను మా పిల్లంటే మా పిల్లని కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు అందరికీ ఒకే పరీక్ష, చదివించి చూడ్డానికి ఒకే కథ అచ్చేసిన అట్ట. సెలవులకు ఊరెళ్లి అక్షరాలు మరిచొచ్చే పిల్లలకే చోటు చాలడం లేదు కదా, అట్ట మీది కథ చదివేసినవాళ్లను చప్పట్లు కొట్టి పంపేస్తున్నాం. నువ్వు వెళ్లిపోయే రోజున, నీ దగ్గర అక్షరాలు దిద్దిన మన దుర్గాభవానిని కూడా అలాగే పంపాం. వేలు పెట్టి కోడిపుంజు కథంతా గడగడా చదివింది. నువ్వు సంతోషం పట్టలేక ఏడ్చేశావు.

మొన్న ఉప్పల్ బస్టాపులో కనబడింది. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పరుగెత్తి, చెంగిచెర్లకు పోతదా అని అడుగుతోంది. బోర్డు చూడవే అన్నాను. తల వంచుకుంది. అనుమానమొచ్చి, సంచిలోంచి కొత్త పుస్తకం తీసిచ్చాను. రైలు బొమ్మ ఉన్న పేజీ మీద వేలు పెట్టి కోడిపుంజు కథే చెప్పింది సూర్యకళా, పొల్లుపోకుండా!

వరసలో ముందున్నోళ్లు సదువుతుంటే ఇనుకుంట నేర్సుకున్నదట. ఎందుకే అలా చేశావంటే, మా సూర్యకళ టీచర్ పోతున్నది గద, జర ఖుష్ అయితదని అంది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

చెంగిచెర్లలో తుక్కు గోదాముకు వెళ్లి వాళ్లమ్మ సారలమ్మను కలిశాను. అట్టపెట్టెలు విప్పుతోంది. దుర్గ కూడా రోజూ ఆ పనికే వస్తోందట. బడి ఎందుకు మానిపించావంటే, సదువచ్చిందని మీరే చప్పట్లు కొట్టి తోలిన్రు గద మేడం, ఇంకేం సదువుతది అంది. ఇంతమందిమి కూర్చుని మీటింగుల మీద మీటింగులు పెట్టుకున్నాం. పిల్లపిల్లకూ ఆ కథ అట్ట మార్చాలని ఒక్కరికీ తోచలేదు.

నువ్వు బెంగపెట్టుకోకు. సోమవారం నుంచి దుర్గను మళ్లీ అఆల దగ్గర కూర్చోబెడతాను. మీ ఆయనకు నా దీవెనలు.

ఇట్లు,
నీ ఛాయక్క

తా.క.: సోమవారం సంగతి అబద్ధం. నీ మనసు నిలవాలని రాశాను గానీ, కవరు అంటించబోతే మనసొప్పలేదు. గోదాము ఖాళీ చేసేశారు. పొద్దున వెళ్తే సారలమ్మ గదికి తాళం వేసి ఉంది. జవహర్‌నగర్ పోయిన్రని ఒకరు, కాదు అన్నోజిగూడ పోయిన్రని ఒకరు అన్నారు. వెతికిద్దామని మన రెండు ఆఫీసులకూ ఫోన్ చేశాను. చదవడం రాని పిల్లలనైతే వెతికిస్తాం, ఆ పిల్లకు వచ్చు కదా అన్నారు. రాదు మొర్రో అంటే, పరీక్ష ఫలితాలు పైవాళ్లకు వెళ్లిపోయాయన్నారు. నా ఒక్కదాని మాట చెల్లడం లేదు. నేర్పినదానివి నువ్వు. దుర్గకు చదవడం రాదని నీ చేత్తో రాసి పంపు తల్లీ.