గుమ్మం కింద వేయాల్సిన నాణెం

జోజన్నకు అమృతం వందనాలు, ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. ఫోనులో చెబితే మధ్యలో అడ్డొస్తావని కార్డు రాసి, సెలవులకి ఊరొస్తున్న జాక్లిన్ చేతికిస్తున్నాను. కింద టేపుతో అంటించింది రెండు యూరోల నాణెం. నా డ్యూటీ వృద్ధాశ్రమంలో కదా, అక్కడుండే జర్మనీ ముసలావిడ హిల్డా ఆంటీకి మన ఊళ్ళో కడుతున్న చర్చి గుడి సంగతి చెబితే ఇచ్చింది. దాని మీదున్నది వాళ్ళ కొలోన్ ఊరి పెద్ద గుడి. నేను అలవాటుకొద్దీ కళ్ళకద్దుకుంటే ఆవిడ నవ్వి, "అది పూర్తవడానికి ఆరువందల ముప్ఫై ఏళ్ళు పట్టింది, తెలుసా?" అంది. పునాది వేసినవాళ్ళెవరూ గోపురం చూడలేదంట! నువ్వేమో మేస్త్రీ నెలకోసారి మొహం చూపిస్తున్నాడనీ, మూడేళ్ళయినా గుమ్మం లేవలేదనీ గుడి కమిటీ మానేస్తానంటున్నావు. మానకు. గుమ్మం ఎత్తే రోజు ఫాదర్ ప్రార్థన అయ్యాక ఈ నాణెం నీ చేత్తోనే కింద వెయ్యి, ఇంకెవరికీ ఇవ్వకు.

వదిన మోకాలికి ఆ నూనె పనిచేసిందా? జాక్లిన్ తిరిగొచ్చేటప్పుడు కిలో కారం పంపు, నిరుటి దాంట్లో ఉప్పెక్కువైంది. మా వాడు ఏతాన్, మావయ్యకి హాయ్ చెప్పమన్నాడు. దేవుడు నీకు ఓపికనీ, మేస్త్రీకి సిగ్గునీ ఇవ్వాలని రోజూ ప్రార్థిస్తున్నాను.

నీ చెల్లెలు అమృతం,
వెర్రిబీ, ఆస్ట్రేలియా